వేరుశనగ అరలో దాచిన చైనా

ఆమె మీద నాకు కుళ్ళు. ఇన్నేళ్ళు గడిచాక ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నా పరిశోధన మొత్తంలో ఎక్కడినుంచీ ఎత్తి రాయకుండా, పూర్తిగా నా సొంతమైనది బహుశా అదొక్కటే.

తొంభైల చివర్లో అనంతపురంలో ఉండి చైనా రాజకీయాల మీద పీహెచ్‌డీ చేస్తున్నానంటే మెస్సులో వడ్డించేవాడు కూడా నవ్వేవాడు. మా విభాగంలో చైనా మీద పనిచేసేది ఇద్దరమే. నేను కంబదూరు వైపు శెనక్కాయల రైతు కొడుకుని. నా తర్వాత రెండేళ్ళకు చేరిన ఆమె ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. ఇద్దరికీ ఒకే సారు గైడు. ఆమె సెమినారులో ఒక్క ప్రశ్న అడిగితే చాలు, సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి వినేవాడు. నేను పేపరంతా చదివినా ఆ కళ్ళద్దాలు ఆయన ముక్కు దిగేవి కావు.

మా ఇద్దరికీ చైనా భాష రాదు. చైనా ప్రభుత్వం ఇంగ్లీషులో వేసే వారపత్రిక నెలన్నర ఆలస్యంగా మా లైబ్రరీకి వచ్చేది. మా నాయన మబ్బుల్ని చూసినట్టు నేను దాన్ని చూసేవాణ్ణి. విందుకు వచ్చిన నాయకుల జాబితాలో ఎవరి పేరు ముందుకొచ్చింది, ఎవరిది వెనక్కి పోయింది, పోయినసారి 'స్నేహపూర్వక చర్చలు' ఈసారి ఉత్త 'చర్చలు' ఎందుకయ్యాయి, అన్నీ అట్టముక్కల మీద రాసి చెప్పుల డబ్బాల్లో పేర్చేవాణ్ణి. పొఖ్రాన్ అణు పరీక్షల తర్వాత రెండు దేశాల మధ్య మాటలు ఎలా బిగుసుకున్నాయో రాసిన ముక్కలతోనే ఒక డబ్బా నిండింది. బీజింగులో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో ఈ జిల్లాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా ధీమా.

ఊరికి పోయినప్పుడల్లా నాయన ఒకటే అడిగేవాడు. "ఏమప్పా, ఆ చైనావోల్లు శెనక్కాయలు ఏస్తారా?"

"అది వేరే సబ్జెక్టు నాయనా" అనేవాణ్ణి.

రెండు వేలు దాటాక ఒక ఏడాది, ఢిల్లీలోని ఒక సంస్థ చైనా భాష నేర్పి, ఆ తర్వాత బీజింగుకు పంపుతుందని మా విభాగానికి కాగితం వచ్చింది. ఒక్క పేరే పంపాలి. ఇద్దరూ తలా ఒక అధ్యాయం రాసివ్వండి, ఎవరిది మేలుగా ఉంటే వాళ్ళ పేరు పంపుతానన్నాడు సారు. మరుసటి ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది. ఆమెకు ఇంకా మూడేళ్ళ గడువు ఉంది. అయినా ఆమె తప్పుకోలేదు. ఎందుకు తప్పుకోవాలి అని ఇప్పుడు అనగలను. అప్పుడు మాత్రం కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

ఆమె రాయబోయేది ఇండియా, చైనాల వ్యాపారం గురించి. దానికి మా లైబ్రరీలో ఉన్న ఆధారమల్లా ఒప్పందాలన్నీ కలిపి బైండు చేసిన లావుపాటి సంపుటం ఒక్కటే. బయటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. రీసెర్చి స్కాలర్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య ఒకటుంది. తనకు కావలసిన పుస్తకం ఇంకొకరి చేతిలో పడకుండా వేరే సబ్జెక్టు అరలో పెట్టేయడం. నేను ఆ పనిని నాకు అక్కర్లేని, ఆమెకు కావలసిన పుస్తకానికి చేశాను. మేడ మీద వ్యవసాయం వైపు, వేరుశనగ పుస్తకాల వెనక్కి ఆ సంపుటాన్ని తోసేశాను. మా విభాగం వాళ్ళు చచ్చినా అటు రారు.

మూడో రోజు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ ఒప్పందాల బుక్కు యాడా కనపల్లేదు. నువ్వేమన్నా సూసినావా?"

"బైండింగుకు పోయింటాదిలేమ్మా" అన్నాను, తల ఎత్తకుండా.

"సరేలే అన్నా. అయితే ఊరికి పోయొస్తా."

పది రోజులు ఆమె కనిపించలేదు. ఆ పది రోజులూ నేను హాయిగా రాసుకున్నాను. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ రాయలేదు.

తిరిగొచ్చి ఆమె ఇచ్చిన అధ్యాయాన్ని సారు నా చేతికే ఇచ్చి చదవమన్నాడు. ధర్మవరంలో చాలామంది పడుగుకు, అంటే నిలువు పోగులకు, చైనా పట్టు వాడతారు, పోగు తెగదని. ఆ పట్టు కట్టల మీద రంగుల చీటీలుంటాయి, కొంగ బొమ్మదో పువ్వు బొమ్మదో, కింద చైనా అక్షరాలు. వాళ్ళ నాయన కొత్త కట్ట విప్పినప్పుడల్లా ఆ చీటీని ట్రంకుపెట్టె మూతకు లోపలివైపు అంటించి, పక్కన తేదీ వేసి, పోగు తెగిందో నిలిచిందో పెన్సిలుతో రాసుకునేవాడట. మళ్ళీ కొనేటప్పుడు ఏ బొమ్మది అడగాలో తెలియడానికి. వాళ్ళ వీధిలో నేసేవాళ్ళందరికీ అదే అలవాటు. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఆ పెట్టెల మూతలన్నీ ఎత్తి చూసింది. రెండు దేశాలూ బిగుసుకున్నాయని నేను డబ్బా నింపిన నెలల్లో కూడా కొంగ బొమ్మ పట్టు ఆగకుండా వస్తూనే ఉంది. నేరుగా రానప్పుడు పక్క దేశాల మీదుగా చుట్టు తిరిగి వచ్చిందని పట్టు అమ్మే షావుకార్లను అడిగి రాసింది. ప్రభుత్వాలు మొహాలు తిప్పుకున్నప్పుడు కూడా ఎవరెవరు మాట్లాడుకుంటూనే ఉన్నారో ఆమె అక్కడినుంచి లాగింది.

చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని రెండోసారి చదివాను. దొరకలేదు.

"నీది బాగనే ఉండాదప్పా" అన్నాడు సారు. "అయితే నీది యాడ కూచోనైనా రాయొచ్చు. ఆ పాపది ఈడ తప్ప ఇంగోచోట రాయలేరు."

ఆ సంపుటం దొరికి ఉంటే ఆమె కూడా అందులోంచి ఎత్తి రాసి ఉండేది, అచ్చం నాలాగే. ఆమెను ధర్మవరం బస్సెక్కించింది నేనే. ఆ సంగతి తెలిసొచ్చాక కడుపుమంట తగ్గాల్సింది పోయి రెట్టింపయింది.

ఆమె ఢిల్లీకి వెళ్ళిన వారం, సంపుటాన్ని దాని చోట పెట్టేద్దామని మేడెక్కాను. చెయ్యి లోపలికి పెట్టి లాగితే పక్కనున్న సన్నటి పుస్తకం కూడా వచ్చి కింద పడింది. తీసి చూశాను. చైనాలో వేరుశనగ సాగు గురించి. లోపల ఒక ఫొటో ఉంది. ఒక ముసలాయన చేలో గొంతుక్కూర్చుని, పీకిన చెట్టును మోకాలికేసి కొట్టి మట్టి దులుపుతున్నాడు. మా నాయన కూడా అలాగే దులుపుతాడు. పుస్తకం వెనక అట్టకున్న కాగితం మీద తేదీ ముద్ర ఒక్కటీ లేదు, ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. దాచడానికి వచ్చిన రోజు ఆ అరలో ఏముందో నేను చూడనే లేదు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. నాయన విత్తనానికి కాయలు వలుస్తున్నాడు. ఆయన అడక్కముందే చెప్పాను.

"చైనాలో శెనక్కాయలు ఏస్తారు నాయనా. శానా ఏస్తారు."

ఆయన చెయ్యి ఆగింది. "వానకేస్తారా, నీళ్ళు కడ్తారా?"

"తెల్దు నాయనా."

"వాన రాకుంటే ఆడి సర్కారు ఏమన్నా ఇస్తాదా?"

"తెల్దు."

"ఆళ్ళ కాయలు ఎవురు కొంటారప్పా?"

ఒక్కో ప్రశ్న ఒక్కో అధ్యాయం. అవన్నీ ఐదేళ్ళుగా మా ఇంట్లోనే ఉన్నాయి. నేను మళ్ళీ తెలియదన్నాను.

"మరి ఇన్నేండ్లు ఏం సదివినావప్పా?" అన్నాడు నాయన. ఎగతాళి చేయలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగి, నా మొహం వంక చూస్తూ కూర్చున్నాడు.