కోరీ తుడిచేసిన గొంతు

కోరీ మంచివాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. చెడ్డవాడంటే ఇంకా మండుతుంది. తొమ్మిదేళ్లు మా పెరటి షెడ్డులో అద్దెకున్నాడు. వాణ్ణి తిట్టే హక్కు న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఈ బ్లఫ్ ఊళ్లో నాకొక్కదానికే ఉంది.

గోర్ అనే ఊరి నుంచి ఒక కంప్యూటరు, రెండు పెట్టెలతో వచ్చాడు. చేపల ఫ్యాక్టరీలో సగం పూట పని, మిగతా పొద్దంతా వీడియో గేములు చేయడం. బొమ్మలూ తనే, సంగీతమూ తనే, కథా తనే. మొదటి గేము గొర్రెల మందను కొండ దించడం. ఓ మాదిరిగా ఆడింది. ఎవరో ఒకతను గొర్రెలు మేకల్లా ఉన్నాయని రాస్తే, వీడు మూడు వారాలు అతనితో ఇంటర్నెట్లో పోట్లాడాడు.

"ఊరుకోరాదూ, పోతే పోయాడు" అన్నాను.

"రెండేళ్లు ఒక్కణ్ణే చచ్చీచెడి చేశాను ఆంటీ. వాడు పది నిమిషాలు ఆడి రాశాడు" అన్నాడు. వాడి నోటి దురుసు నాకు అప్పుడే తెలిసింది.

రెండో గేముకి ఆరేళ్లు పట్టింది. అందులో ఒక ముసలి పడవవాడు ఉంటాడు. వచ్చిపోయేవాళ్లతో కబుర్లు చెబుతుంటాడు. మా ఆయన ఎర్నీ ముప్పై ఒక్క ఏళ్లు స్టీవర్ట్ ఐలాండ్‌కి జనాన్ని దాటించే పడవ మీద పనిచేశాడు. అందుకని కోరీ ఆయన్నే అడిగాడు.

"అసలు నటుడు దొరికేదాకా తాత్కాలికంగా నువ్వు చదివిపెట్టు ఎర్నీ. అందరూ ఇలాగే చేస్తారు. తర్వాత తీసేస్తా."

ఎర్నీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని షెడ్డుకి బయల్దేరాడు. "మైకుకి నీ టై కనపడుతుందా ఏవయ్యా" అని ఏడిపించాను. నేను ఆల్చిప్పలు విప్పే పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి రోజూ ఇద్దరి నవ్వులూ పెరట్లోంచి వినిపించేవి. నలభై ఏళ్ల కాపురంలో ఆయన అంత గర్వంగా ఉండగా నేను చూడలేదు.

గేములో కొంత భాగాన్ని ముందుగా రుచి చూడమని జనంలోకి వదిలారు. అందరూ పడవవాడి గొంతే మెచ్చుకున్నారు. ‘ర’ని నాలుక మీద దొర్లించే మా సౌత్‌లాండ్ ప్రాంతపు యాస వాళ్లకి కొత్త. కానీ గేము అమ్మిపెట్టడానికి ఒప్పుకున్న కంపెనీవాళ్లు ఆ యాస అందరికీ అర్థం కాదన్నారు. కోరీ సిడ్నీలో ఒక నటుణ్ణి పెట్టి అంతా మళ్లీ చదివించాడు. పూర్తి గేము వచ్చిన రోజే గొడవ మొదలైంది. పాత గొంతేదని జనం విరుచుకుపడ్డారు. మావాడు ఊరుకుంటేనా.

"అది తాత్కాలికం. మా ఇంటి ఓనరు కాగితం చూసి చదివాడు. ఆయన నటుడు కాదు, ఎవరూ కాదు" అని అందరూ చూసేలా రాశాడు.

ఎర్నీ అది చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజమే కదా నోలీన్, నేను నటుణ్ణి కాదుగా" అన్నాడు. లేచి చీజ్ రోల్స్ వేడిచేసి, షెడ్డుకి పట్టుకెళ్లాడు. నేనైతే వాడి మొహాన కొట్టేదాన్ని.

కొందరు ఆటగాళ్లు ముందు వచ్చిన భాగంలోంచి ఎర్నీ గొంతు తీసి, కొత్త గేములో అతికించి పంచుకున్నారు. కోరీ కేసు పెడతానని వాళ్లకి నోటీసులిచ్చాడు. భయపడి తీసేశారు. ఆ కోపంలోనే ముందు వచ్చిన భాగాన్నీ ఇంటర్నెట్లోంచి తీసేసి, తన దగ్గరున్న రికార్డింగులన్నీ తుడిచేశాడు. ఆ సంగతి మాకు చెప్పలేదు.

మరుసటేడు ఎర్నీకి గొంతులో కేన్సరని తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కి ముందు డునెడిన్ ఆసుపత్రిలో నర్సు, "ఆయన గొంతు రికార్డు చేసి ఉంచుకోండి, తర్వాత బాధపడతారు" అంది.

"మా షెడ్డులో బోలెడుంది తల్లీ" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, ఆ రికార్డింగులు ఇమ్మని కోరీని అడిగాను. వాడి మొహం తెల్లబోయింది.

"లేవు ఆంటీ. నేనే తుడిచేశాను."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

నేను తిట్టలేదు. ఆ మర్నాడు వాడు తను నోటీసులిచ్చిన ఆ మనుషులనే, ఆ గొంతు ఎవరి దగ్గరైనా మిగిలుంటే పంపమని, ఇంటర్నెట్లో అందరి ముందూ బతిమాలాడు. ఆయన ఎవరూ కాదని రాసింది అబద్ధమన్నాడు. జనం నవ్వారు. అమ్మకాల కోసం కొత్త నాటకమన్నారు. పదకొండో రోజున బ్రిస్బేన్ నుంచి ఒక బస్సు డ్రైవరమ్మ, మీ నోటీసు చూసి కూడా నేను తీయలేదు అంటూ, తన దగ్గరున్నదంతా పంపింది.

వంటింటి బల్ల మీద కోరీ వినిపించాడు. "గాలి తిరిగింది, ఈ పూట పడవ లేదు. లోపలికి రా, టీ తాగుదువుగాని" అంటోంది మా ఆయన గొంతు. ఎర్నీ చివరిదాకా విని, పలక మీద రాసి కోరీ వైపు తిప్పాడు. ‘ఆ సిడ్నీ అబ్బాయే బాగా చెప్పాడు.’

కోరీ బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎర్నీ వాడి వీపు నిమిరాడు. తర్వాత పలక తుడిచి నాకోసం రాశాడు. ‘ఇంట్లో ఇది మళ్లీ పెట్టొద్దు.’

సరేనన్నాను. కానీ కోరీ చేత నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను. ఆయన పెరట్లోకి వెళ్లగానే స్నానాలగది తలుపేసుకుని వింటాను. కిటికీలోంచి చూస్తే నా మొగుడు నిక్షేపంలా బంగాళాదుంపలు తవ్వుకుంటూ ఉంటాడు. నేను లోపల కూర్చుని, ఆయన పోయినట్టే ఏడుస్తుంటాను.