పచ్చ టిక్కు పెట్టే మనిషి

ఇంట్లో అందరూ ఆమెను అనుమానాలక్క అనేవారు. ఉప్పు సరిపోయిందని భర్త చెప్పినా, తను నాలుక మీద వేసుకుంటే గానీ గిన్నె దించేది కాదు. పగలు ఒక బట్టల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేది. సాయంత్రం వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి జీతంలేని కొలువు చేసేది. ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్లన్నీ ఒకచోట చూపించే సైటులో సర్వర్ ప్రోగ్రాముల పేజీలు ఆమె చూపులో ఉండేవి. అందరికీ కనిపించే కోడ్ నుంచి ప్యాకేజీ తానే తయారుచేసి, జనం దింపుకునేదానితో పోల్చేది. రెండూ ఒకటైతేనే, నమ్మి దింపుకోవచ్చని ఆ పేజీ మీద పచ్చ టిక్కు.

లైబ్రరీలు వాడే ఒక సర్వర్ ప్రోగ్రామును రాసింది రిటైరైన లెక్కల మాస్టారు. ఒకరోజు ఆ పేజీ గురించి సందేశం వచ్చింది: "నేను మాస్టారి మేనల్లుణ్ణి. మామయ్యకు చూపు తగ్గింది. ఇక నేనే చూసుకుంటాను. డౌన్‌లోడ్ లింకును నేను చేసిన కొత్త ప్యాకేజీకి మార్చగలరు. మీ సేవకు శతకోటి వందనాలు."

"ఇన్నేళ్ళలో ఒక్కరూ థాంక్స్ అనలేదు. వీడికెందుకింత తీపి?" అంది.

"మంచిగా మాట్లాడినా నేరమేనా నీ దగ్గర?" అన్నాడు భర్త.

కొత్త ప్యాకేజీని ఒక పాత కంప్యూటర్‌లో నడిపింది. అది ఏదో తెలియని ఇంటర్నెట్ చిరునామాకు గుట్టుచప్పుడు కాకుండా సమాచారం పంపుతోంది. కోడంతా గాలించినా ఆ చిరునామా లేదు. లింకు మార్చకుండా మాస్టారికి ఫోన్ చేసింది.

"వాడు నా మేనల్లుడే! నేనే అప్పగించా. మావాణ్ణి దొంగంటావా?"

"అనలేదు మాస్టారూ. ఒక్కసారి అతనితో మాట్లాడనివ్వండి."

మేనల్లుడు వీడియోలోకి వచ్చాడు. చెమటలు తుడుచుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడే అనుకుందామె.

"నేను చూస్తుండగా ప్యాకేజీ తయారుచెయ్యి బాబూ."

చేశాడు. అందులోనూ ఆ తెలియని చిరునామా ఉంది. అతని ముఖం పాలిపోయింది.

"నేనేం కలపలేదక్కా, ఒట్టు!"

ఒట్లు ఆమె దగ్గర చెల్లవు. "దేంతో తయారుచేస్తున్నావ్?"

తొందరగా పనవుతుందని ఎవరో చెబితే, ఊరూపేరూ లేని సైటు నుంచి ఒక టూల్ దింపుకున్నాడట. ఆమె అదే టూల్‌ను తన పాత కంప్యూటర్‌లో పెట్టి, శుభ్రమైన కోడ్‌తో ప్యాకేజీ తయారుచేసింది. తన చేత్తో చేసినదాంట్లోనూ ఆ దొంగ చిరునామా వచ్చి కూర్చుంది.

"నిన్ను అపార్థం చేసుకున్నా, ఏమీ అనుకోకు," అంది.

అతను కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి, ఆ టూల్ లేకుండా ప్యాకేజీని మొదటినుంచి మళ్ళీ చేశాడు. ఈసారి సరిపోయింది. అప్పుడు లింకు మార్చి టిక్కు పెట్టింది. మాస్టారు మాత్రం చాలాకాలం ముభావంగానే ఉన్నారు.

కొన్నాళ్ళకు మేనల్లుడే అడిగాడు: "అక్కా, ఈ పోల్చి చూసే పని నాకూ నేర్పుతారా?"

"తప్పకుండా," అంది. ఫోన్ పెట్టేశాక, అతను అంతకుముందు రాసిన కోడ్ ఎక్కడెక్కడ ఉందో వెతికి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.