పంటికి తెలియని గింజ

2024 నవంబరు 12. రక్తపరీక్ష కాగితం మీద 386 అని ఉంది. పక్కనే, నాలుగు దాటకూడదని అచ్చయి ఉంది.

నరసరావుపేటలోని ఒక జిన్నింగు మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్లుగా పత్తి నాణ్యం చూస్తున్న ఐజాక్‌కు అంకెలు కొత్త కాదు. పత్తి గింజను కుడి దవడన పెట్టి కొరికేవాడు. టక్కుమని పగిలితే తేమ ఎనిమిది శాతం. మెత్తగా నలిగితే పన్నెండు పైమాటే. మిషన్లు వచ్చాక కూడా రైతులు అతని పంటినే నమ్మారు. కానీ ఈ 386ను ఏ పక్కన పెట్టి కొరకాలో అతనికి తెలియలేదు.

సెప్టెంబరులో కింది పెదవి, గడ్డం కుడి సగం మొద్దుబారాయి. గింజ పగిలిన చప్పుడు వినిపించేది గాని, పంటికి తెలిసేది కాదు. ఇన్నేళ్లు కొరికి కొరికి పన్ను పాడైందనుకుని పీకించుకున్నాడు. నెల గడిచినా ఆ గుంట పూడలేదు. మళ్లీ వెళ్తే పళ్ల డాక్టరు దేవిక ఎక్స్‌రేను చాలాసేపు చూసి, "మూత్రం సరిగ్గా వస్తోందా?" అని అడిగింది.

"వస్తోందమ్మా" అన్నాడు.

"అబద్ధం," అంది పక్కనున్న భార్య ఫిలోమినా. "రాత్రికి ఐదుసార్లు లేస్తాడు. నేను నిద్రపోతున్నాననుకుంటాడు."

సిగ్గుపడి, పొద్దుగూకాక మంచినీళ్లు తాగడం మానేసి, రెండేళ్లుగా ఆ సంగతి దాచుకొచ్చానన్న ధీమాలో ఉన్నాడతను.

దవడ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రక్తపరీక్షలో ఆ 386 వచ్చింది. మూత్రాశయం కిందుండే ప్రొస్టేటు గ్రంథిలో పుట్టిన క్యాన్సరు ఎముకకు పాకిందని గుంటూరు డాక్టరు చెప్పాడు. మందులతో అదుపు చేయవచ్చు, పూర్తిగా పోదు. "గట్టివేవీ కొరకొద్దు. దవడ విరిగే ప్రమాదముంది." ఆ చివరి మాట ఐజాక్‌ను వదలలేదు. అన్నం ముద్దను కూడా ఎడమ పక్కకు నెట్టుకుని, భయంభయంగా నమిలాడు.

మిల్లులో ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం నకరికల్లు రైతు త్రికోటేశ్వరరావు పత్తి తెచ్చాడు. మిషను పదమూడు చూపింది.

"దానికేమన్నా పళ్లున్నాయా? నువ్వు కొరుకు ఐజాకూ."

అలవాటుగా గింజ నోట్లోకి వెళ్లింది. నాలుకకు గుంట తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ముందే విన్నట్టయి, గింజను అరచేతిలోకి ఉమ్మేశాడు. ఇంకొకటి తీసి ఇచ్చాడు.

"నువ్వే కొరుకు బాబాయ్. నేను వింటా."

"ఏంది, నీ పళ్లు కౌలుకిచ్చావా?" అంటూ త్రికోటేశ్వరరావు కొరికాడు. గింజ మెత్తగా నలిగింది.

"పదమూడే," అన్నాడు ఐజాక్. తానెందుకు కొరకలేదో, రెండేళ్లు ఏం దాచాడో అప్పుడు చెప్పేశాడు. త్రికోటేశ్వరరావు నోట్లో గింజ ఉమ్మడం కూడా మరిచిపోయాడు.

తర్వాతి వారం మంగళవారం మొదటి ఇంజెక్షను వేశారు. అంకె దిగిందీ లేనిదీ మూడు నెలలకు గాని తెలియదు. గురువారం పొద్దున ఫిలోమినా జావ పోస్తుండగా త్రికోటేశ్వరరావు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ రక్తపరీక్ష పేరేందో రాసియ్యి," అన్నాడు గొంతు తగ్గించి. "నేనూ నాలుగుసార్లు లేస్తన్నా."

ఐజాక్ తన కాగితం తెచ్చి, చూసి, పేరు రాసిచ్చాడు. రాస్తున్నంతసేపూ 386 మీద బొటనవేలు అడ్డం పెట్టే ఉంచాడు.