వైకుంఠ రథం కమిటీ

ఆ రోజుల్లో మంచి కమిటీ అంటే ఎవరూ నోరు మెదపని కమిటీ అని నాకు గట్టి నమ్మకం. బందరు డెస్కుకి ఊరి వార్తలు పంపే కొత్త విలేకరిని. ‘ఏకగ్రీవంగా తీర్మానించారు’ అని రాసి రాసి, లోకంలో అంతకు మించిన శుభవార్త లేదనుకునేవాణ్ణి. చల్లపల్లికి దగ్గర్లోని మా ఊళ్లో, పోయినవాళ్లను ఉచితంగా సాగనంపే వ్యాను ఒకటి నడపడానికి సంఘం పెట్టి, నన్ను కార్యదర్శిని చేశారు (తెలివితేటలు చూసి కాదు, పేపర్లో పడుతుందని). అధ్యక్షుడు బియ్యం కొట్టు బావగారు. ఊరందరికీ ఆయన బావగారే. వాళ్ల నాన్నగారిని ముసురులో ట్రాక్టరు ట్రక్కులో, పైన బరకం కప్పి తీసుకెళ్లాల్సి వచ్చిందట. ఆ మాట చెప్పేటప్పుడల్లా ఆయన తూకం మధ్యలో ఆపేసేవారు. మిగతా సభ్యులంతా ఆయన వీధివాళ్లే, ఒకరికొకరు బావలో బావమరుదులో. మీటింగంటే కొట్టు అరుగు మీద పునుగులు. పచ్చడి అయిపోయేలోగా తీర్మానాలన్నీ అయిపోయేవి.

వ్యాను కొనిచ్చింది గుడివాడ డాక్టరుగారు, వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థం. దాని మీద శంఖచక్రాలూ నామాలూ వేయించి, ‘వైకుంఠ రథం’ అని రాయించి, అంతటితో ఊరుకోక రెండు పక్కలా కమిటీ సభ్యుల పేర్లు పెద్దక్షరాలతో రాయించాం. (చూసినవాళ్లు అవి పోయినవాళ్ల పేర్లనుకున్నారు. బావగారి వియ్యంకుడు కంగారుగా ఫోన్ చేస్తే, ఈయనే ఎత్తి "నేనేనండీ, ఉన్నాను" అని చెప్పుకోవాల్సి వచ్చింది.) ఇంతా చేస్తే బండి మా వీధి దాటలేదు. మసీదు వీధివాళ్లూ, చర్చి పేటవాళ్లూ పిలిచేవారే కాదు. సంగతి డాక్టరుగారి చెవిన పడింది. "నేను బండి ఊరికిచ్చానండీ, వీధికి కాదు. వచ్చే మీటింగుకి వస్తున్నా. అన్ని పేటలవాళ్లూ కమిటీలో లేకపోతే బండి గుడివాడ తోలుకొచ్చేస్తా" అన్నారు.

బావగారికి ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని సభ్యుల వేటకు బయల్దేరారు. "నేనేం పాపం చేశాను బాబూ, పొద్దున్నే ఆ బండి పేరెత్తుతున్నావు?" అని తలుపులేసుకున్నవాళ్లే ఎక్కువ. మసీదు వీధి దర్జీ మావయ్య మాత్రం మిషను ఆపి, "సంతకం పెట్టడానికా, మాట్లాడ్డానికా అబ్బాయ్?" అని అడిగాడు. "రెండిటికీ" అన్నాను ధైర్యంగా. చర్చి పేటలో ఉండే రిటైరైన నర్సమ్మగారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఆడవాళ్లు ఒకరుండాలనేగా? సరే, వస్తా. కాఫీ కలపమన్నారో, లేచొచ్చేస్తా" అన్నారు.

మీటింగు రోజు, డాక్టరుగారు రాకముందే కొత్త సభ్యులకు నా తర్ఫీదు. "ఆయన ముందు పేచీలొద్దండీ. అన్నిటికీ సరే అనెయ్యండి, చాలు." అందరూ పెళ్లి ఫొటోలో కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. బావగారు చదవడం, వీళ్లు సరే అనడం. నాకైతే చూడముచ్చటగా ఉంది. అంతలో డాక్టరుగారు, "బండిని మీ పేటవాళ్లు ఎందుకు పిలవట్లేదమ్మా?" అని నర్సమ్మగారిని అడిగారు. ఆవిడ నాకేసి వేలు చూపించి, "ఈ అబ్బాయి మాట్లాడొద్దన్నాడండి" అన్నారు.

ఇక ఆపడం ఎవరి తరం? "కమిటీవాళ్లు కూర్చోడానికని లోపల బల్లలు బిగించారు. మరి మావాళ్ల పెట్టె ఎక్కడ పెట్టాలి, ఒళ్లోనా?" అని ఆవిడ. "ఆ బొమ్మల బండెక్కితే వైకుంఠంలో దింపుతారాయె. మా ముసలాళ్లు అక్కడ ఎవర్నెరుగుదురు?" అని దర్జీ మావయ్య. "బొమ్మలు తీసేస్తే మావాళ్లెక్కరు" అని మా వీధి బావమరిది ఒకాయన. "ఎవరి దేవుణ్ణి వాళ్లు తెచ్చుకుంటారు, బండికెందుకు?" అని మళ్లీ నర్సమ్మగారు. "ఆ రంగులన్నీ నేను వేయించినవి!" అని బావగారు. పునుగులు చల్లారిపోయాయి. "నాకు ఓపీ టైమవుతోందండీ" అని డాక్టరుగారు లేవబోతే, దర్జీ మావయ్య, "కూర్చోండి సార్. బండి వెనకాల మీ నాన్నగారి పేరు అన్నిటికన్నా పెద్దది. అదీ తేలాలి" అన్నాడు. డాక్టరుగారి ముఖం చిన్నబోయింది. బండి గుడివాడ వెళ్లిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు బావగారు గొంతు సవరించుకున్నారు. "ముందు నా పేరు చెరిపెయ్యండి. బొమ్మలూ తీసెయ్యండి. మా నాన్న వెళ్లిన ట్రాక్టరు మీద ఎవరి పేరుందో నేను చూశానా?" అన్నారు. డాక్టరుగారు జేబులోంచి కారు తాళాలు తీశారు. తర్వాత, "మా నాన్నగారిది కూడా" అని మెల్లగా చెప్పి, కారెక్కి వెళ్లిపోయారు. బండి తాళాలు అడగలేదు.

బండికి తెల్లరంగు వేయించి, బల్లలు ఊడదీయించాం. కొన్నాళ్లకు మసీదు వీధి నుంచి మొదటి పిలుపు వచ్చింది. నిండా బతికిన తాతగారొకరు అవనిగడ్డ ఆసుపత్రిలో పోయారు. ఆయన్ని తీసుకురావడానికి నేనూ దర్జీ మావయ్యా డ్రైవరు పక్కన కూర్చుని వెళ్తుంటే, పసిపిల్లతో మోపిదేవి మొక్కుకి బయల్దేరిన కుటుంబం ఒకటి దారిలో చెయ్యెత్తింది. పేరూ బొమ్మా లేని తెల్లబండి కదా, సర్వీసు వ్యాననుకున్నారు. "మోపిదేవికేనా బాబూ? ఎలాగో సర్దుకుని కూర్చుంటాం" అంది వాళ్లలో పెద్దావిడ. మా డ్రైవరు మహా వినయంగా, "ఇందులో కూర్చోడానికి వీల్లేదమ్మా, పడుకోవడమే" అన్నాడు.

దర్జీ మావయ్య ముఖం కిటికీకేసి తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వెళ్తున్న పనేమిటి, ఈ నవ్వేమిటని నన్ను నేను తిట్టుకుంటూనే మోపిదేవి దాటేదాకా నవ్వాను. నవ్వకూడని చోట నవ్వు ఆపుకోవడం ఆ వయసులో నాకు చేతనయ్యేది కాదు. ఇప్పుడు బాగా చేతనవుతోంది. అదేమంత గొప్ప విద్యగా మాత్రం తోచడం లేదు.