సంచిలో వేడెక్కిన గొంతు

మా పిన్ని మనుషులతో మాట్లాడదు, ప్రకటిస్తుంది. "కూర మాడింది" అని చెప్పాలన్నా ముందు గొంతు సవరించుకుని, ఒక్క క్షణం ఆగి, ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా ఆరేసి మరీ చెబుతుంది. అందులో ఆవిడ తప్పేం లేదు. ఇరవయ్యేళ్ళకు పైగా రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేసింది. ఊళ్ళో ఆవిడ ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ, గొంతు ఎరగనివాళ్ళు లేరు. కూరగాయల కొట్లో "అరకిలో ఇవ్వండి" అంటే చాలు, పక్కనున్నవాళ్ళు ఉలిక్కిపడి సామాన్లు సర్దుకునేవాళ్ళు.

తర్వాత స్టేషనుకి కంప్యూటరు గొంతొచ్చింది. దానికి జలుబు చేయదు, సెలవక్కర్లేదు. పిన్నిని తీసుకెళ్ళి విచారణ కిటికీలో కూర్చోబెట్టారు. అద్దానికి చేసిన చిన్న కన్నంలోంచి "ఆలస్యమండీ", "తెలీదండీ" అనడమే ఇక పని. ఇంటికొచ్చాక ఆవిడ మాటే మానేసింది. మామూలప్పుడు "కాస్త నోరు కట్టేయవే తల్లీ" అని దండాలు పెట్టే మా బాబాయి, "పోనీ తిట్టనైనా తిట్టవే" అని బతిమాలుకునే పరిస్థితి వచ్చింది.

బాబాయి దర్జీ. ఆయన దగ్గర కోటు కుట్టించుకున్న ఒకాయన చెప్పగా ఇంట్లోకి హ్యామ్ రేడియో వచ్చింది. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత రేడియోతో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో గాలిలో కబుర్లాడటం. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. పిన్ని రాత్రీ పగలూ చదివి పాసైంది. మేడ మీద తీగ కట్టించింది. మైకు పట్టుకుని మొదటిసారి "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. మైకు పక్కన పెట్టేయబోతుండగా ఎక్కడి నుంచో దగ్గు వినిపించింది. ఆ దగ్గు వెనకాల ఒక ముసలి గొంతు.

"గొంతు బాగుంది అమ్మాయ్. మళ్ళీ చెప్పు."

పిన్ని మైకు వదిలేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. నేనక్కడే ఉన్నాను. ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు. "ఇన్నేళ్ళు ఎంతమంది విన్నారే నన్ను! మళ్ళీ చెప్పమని ఒక్కళ్ళూ అడగలేదే!" అంది. అవతల పాపం ఆ ముసలాయన "అమ్మాయ్, ఉన్నావా" అని దగ్గుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మాకు దగ్గు తాతయ్య. ఎక్కడో కొండల మీద ఊరు, ఒంటరి మనిషి, గడియారాలు బాగుచేసి రిటైరయ్యాడు. ఆయన్ని మేమెవరమూ చూడలేదు.

తాతయ్యకి ఒక ఆట ఉంది. రేడియోవాళ్ళలో కొందరు అడవులకీ పార్కులకీ పెట్టెలు మోసుకెళ్ళి అక్కడి నుంచి మాట్లాడతారు. మిగతావాళ్ళు ఇంట్లో కూర్చుని వాళ్ళని గాలిలో పట్టుకుంటారు. చుట్టుపక్కల ఉన్న పార్కులన్నీ తాతయ్య పట్టేశాడు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మా ఊరిదే. పాత క్వారీ గుంతలో నీళ్ళు నిలిచి, జమ్ము మొలిచి, నీటికోళ్ళు కాపురాలు పెడితే చుట్టూ కంచె వేసి సంరక్షణ పార్కు అన్నారు. అక్కడి నుంచి ఇంతవరకూ ఎవరూ గాలిలోకి ఎక్కలేదు.

ఒక శనివారం తాతయ్య ఇలా అన్నాడు. "రేపు సాయంత్రం కుర్రాళ్ళొచ్చి నా యాంటెన్నా దించేస్తారమ్మాయ్. కూతురు దగ్గరికి మారిపోతున్నా. అపార్ట్‌మెంటు కదా, పైన తీగ కట్టనివ్వరట. మీ పార్కొక్కటీ మిగిలిపోయింది. పోనీలే."

"పోనీలే ఏంటండీ! నేను చచ్చాననుకున్నారా?" అని పిన్ని ఎగిరిపడింది. "రేపు మధ్యాహ్నం డ్యూటీ దిగ్గానే అక్కడుంటా. మీరు చెవులు రిక్కించుకుని కూర్చోండి."

సోమవారం నుంచి పక్షులు పొదిగే కాలమని పార్కు మూసేస్తున్నారు. అంటే ఉన్నది ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే.

మోత నాది. నేను కళ్ళద్దాల దుకాణంలో కూర్చుని చేసే ఉద్యోగస్తురాలిని. బ్యాటరీ ఎత్తగానే నడుం పట్టేసింది. రేడియోకి బాబాయి గుడ్డ సంచి కుట్టిచ్చాడు. దానికి జేబులే జేబులు, జేబులో జేబులు. "మనిషి దూరినా దొరకడు" అని మురిసిపోయాడు.

పార్కు గేటు దగ్గర బోర్డుంది. చెట్లకు ఏమీ కట్టరాదు. నేలలో ఏమీ పాతరాదు. నిప్పు రాజేయరాదు. గట్టిగా మాట్లాడరాదు. ఆఖరిది చదివి పిన్ని నా వైపు చూసింది. నాకు నవ్వాగలేదు.

గార్డు ఆ నవ్వుకే వచ్చేశాడు, వేలు పెదాల మీద పెట్టుకుని. అక్కడ చేరిన దగ్గర్నుంచి ఆయన ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడతాడట. పిన్ని చూపించిన లైసెన్సు చదివి, "మాట్లాడుకోండమ్మా, కానీ మెల్లిగా. మా కోళ్ళు గుడ్ల మీదున్నాయి" అన్నాడు గుసగుసగా.

చెట్టుకి కట్టకూడదు, నేలలో పాతకూడదు. మరి తీగ ఎలా నిలబడుతుంది? బాబాయి చేపలు పట్టే పొడవాటి గడ ఒకటి తెచ్చాం. దాని కొసకి తీగ చుట్టి గడ నా చేతికిచ్చింది పిన్ని.

"ఎంతసేపు?"

"నువ్వు కదలకు. నువ్వే గుంజవి."

అలా చదువుకున్నదాన్ని గుంజనయ్యాను. తూనీగ ఒకటి ఎక్కడా చోటు లేనట్టు నా ముక్కు మీదే వాలింది.

పిన్ని బెంచీ మీద రేడియో పెట్టుకుని, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి పిలవడం మొదలెట్టింది. ప్లాట్‌ఫాముల చివరి దాకా వినబడ్డ గొంతు, పక్కింటి కబురు చెబుతున్నట్టు గుసగుసలాడుతుంటే గడ పట్టుకుని నేను నవ్వుతో ఊగిపోయాను. "గడ కదిలిస్తే చంపుతా" అంది, అదీ గుసగుసగానే.

ఎవరూ పలకలేదు. పిలుస్తూనే ఉంది. రేడియోలో మామూలుగా వినబడే గరగర కూడా లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. పిన్ని తలెత్తి సూర్యుణ్ణి కోపంగా చూసింది. ఆయన బాగుంటేనే రేడియో తరంగాలు దూరం పోతాయట. రేడియోవాళ్ళకి అదొక సుఖం, మాట అవతలికి వెళ్ళకపోతే తప్పు సూర్యుడిది. "ఇవాళ ఆయనకి ఒంట్లో బాగోలేదు" అంది.

సూర్యుడు భేషుగ్గా ఉన్నాడు. నా మాడు సాక్ష్యం.

నీడలు పొడుగయ్యేకొద్దీ పిన్ని ముఖం చిన్నబోయింది. "ఈపాటికి కుర్రాళ్ళు వచ్చేసుంటారే. తాతయ్య నాకోసం రేడియో దగ్గరే కూర్చునుంటాడు. మాటిచ్చి మోసం చేసినట్టయింది" అంది. నాకూ వెధవ గడ, వెధవ గుంత, ఏమిటీ ఖర్మ అనిపించింది.

అప్పుడొచ్చాడు గార్డు, గేటు మూసే వేళవుతోందని చెప్పడానికి. వచ్చి, మర్యాదకి బెంచీ చివర కూర్చోబోయి, సంచి మీద చెయ్యి ఆనించి చటుక్కున లేచాడు.

"అమ్మా!" అన్నాడు. ఈసారి గుసగుస కాదు. "బోర్డు చదివే లోపలికొచ్చారా? ఇక్కడ వంట చెయ్యకూడదు!"

"వంటేంటి?"

"సంచిలో పొయ్యి పెట్టుకుని ఏంటంటారేంటి? కాలిపోతోంది!"

పిన్ని సంచి తడిమింది. వెనక జేబులో చెయ్యి పెట్టి, "అబ్బా" అని తీసేసి, పమిట చుట్టుకుని మళ్ళీ పెట్టి ఒక డబ్బా బయటికి లాగింది. దాన్నే డమ్మీ లోడు అంటారు. రేడియోని ఇంట్లో పరీక్ష చేసుకునేటప్పుడు మన అరుపులతో గాలిలో ఉన్న మిగతావాళ్ళ చెవులు పాడవకుండా యాంటెన్నాకి బదులు దాన్ని తగిలిస్తారు. ఎంత మాట్లాడినా మింగేసి వేడిగా మార్చేస్తుంది. పొద్దున్నే పరీక్ష చేసి తగిలించినదాన్ని తగిలించినట్టే జేబులో దూర్చేసింది పిన్ని. రేడియో నుంచి వచ్చే తీగ సంచిలోకే వెళ్ళి ఆగిపోయింది. నేను ప్రాణం పెట్టి మోస్తున్న యాంటెన్నా తీగ కొస గడ్డిలో, ఎవరికీ కాకుండా పడుంది.

మధ్యాహ్నమంతా మా పిన్ని సంచికి కబుర్లు చెప్పింది.

ఒక్క క్షణం ముగ్గురం ఆ డబ్బా వైపు చూశాం. తర్వాత పిన్నికి నవ్వొచ్చింది. ఆ నవ్వు గుసగుసలో ఇమిడేది కాదు. నోటికి పమిట అడ్డం పెట్టుకుని, కూర్చున్న చోటే వంగిపోయి, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని నవ్వింది. నేను గడతో సహా నవ్వాను. గార్డుకి విషయం సగమే అర్థమైనా ఆయనా నవ్వాడు, శబ్దం రాకుండా, భుజాలతో.

"ఇంకొంచెంసేపు బాబూ. మీకు పుణ్యముంటుంది" అంది పిన్ని.

ఆయన తాళంచెవుల గుత్తి తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

యాంటెన్నా తీగ బిగించిందో లేదో రేడియో సంతలా మోగింది. పిన్ని పార్కు పేరు చెప్పి ఒక్కసారి పిలిచింది. అంతే, ఎక్కడెక్కడి రేడియోవాళ్ళూ ఈగల్లా ముసిరారు. ఎన్నడూ గాలిలోకి రాని పార్కు కదా, ఎవరికి వాళ్ళకే ముందు కావాలి. ఒకడి మీద ఒకడు పడి అరుస్తున్నారు. పిన్ని ముఖం వెలిగిపోయింది. ఈ గోల ఆవిడకి కొత్తా? పండగ సెలవుల్లో విచారణ కిటికీ ముందు రోజూ ఉండేదే. ఒక్కొక్కణ్ణే పిలిచి, ఎలా వినిపిస్తున్నాడో చెప్పి, దణ్ణం పెట్టి పంపించేస్తోంది. పదిమందితో మాట్లాడితే పార్కు లెక్కలోకి వచ్చినట్టు. ఆ పదీ గుక్క తిప్పుకునేలోపే అయిపోయాయి. గార్డు వేళ్ళు మడిచి లెక్కపెడుతూ పదో వేలికి గంతు వేశాడు.

పిన్ని మాత్రం గంతు వేయలేదు. ఆవిడకి కావలసింది పదోవాడు కాదు. రేడియోకి ఒక చెవి ఆనించి, రెండో చెవి చేత్తో మూసుకుంది.

"విన్నావా?"

"ఏమిటి?"

"దగ్గు."

నాకేమీ వినబడలేదు. ఆ అరుపులన్నిటి కింద, ఎక్కడో అడుగున, సన్నగా దగ్గట. యాంటెన్నా సగం దించేశారేమో, గొంతు నిలవడం లేదు. పిన్ని గుసగుసగా "తాతయ్యా" అంది. మిగతావాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. మళ్ళీ పిలిచింది. ఆ సందట్లో దగ్గు మునిగిపోయింది. పిన్ని గార్డు వైపు చూసింది. గార్డు చెరువు వైపు చూశాడు. పిన్ని వైపు చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, తలాడించాడు.

పిన్ని లేచి నిలబడింది. గొంతు సవరించుకుంది. ఒక్క క్షణం ఆగింది.

"దయచేసి వినండి. దగ్గుతున్న పెద్దాయన తప్ప మిగతావారందరూ ఎక్కడివారక్కడే నిశ్శబ్దంగా నిలబడవలసిందిగా కోరుతున్నాము."

నీటికోడి ఒకటి జమ్ములోంచి తల పైకెత్తి చూసింది. గార్డు దానికి వేలు చూపించి "ష్" అన్నాడు. గాలిలో ఉన్న ఆ జనమంతా, ఎన్ని ఊళ్ళవాళ్ళో ఏమో, ఒక్కసారిగా గప్‌చిప్. అంతమంది ఒక్క మాటకి ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు. 

ఆ నిశ్శబ్దంలో దగ్గు నాక్కూడా వినిపించింది.

"వచ్చావా అమ్మాయ్." ముక్కలు ముక్కలుగా వస్తోంది మాట. "కుర్రాళ్ళని... కాఫీ తాగమని కూర్చోబెట్టా. ఎంతసేపని తాగుతారు!"

"మీరు సగం సగమే వినిపిస్తున్నారు తాతయ్యా. నేనెలా ఉన్నాను?"

"నువ్వా? నా పక్కనే... ప్లాట్‌ఫాం మీద నిలబడ్డట్టున్నావు."

అయిపోయింది. ఆయన చివరి పార్కు ఆయనకి దక్కింది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టినవాళ్ళంతా ఒక్కసారి "శభాష్ తాతా" అని విరుచుకుపడ్డారు. ఎవరో ఈల కూడా వేశాడు. పిన్ని వాళ్ళని మళ్ళీ అణిచింది.

"తాతయ్యా, ఆ అపార్ట్‌మెంటు వెనకాల ఏముంటుంది?"

"ఏముంటుంది... చిన్న చెరువు, నాలుగు బాతులు. అదీ పార్కేనట. ముసలాళ్ళు కూర్చునే చోటు."

"అక్కణ్ణుంచి ఎవరైనా మాట్లాడారా?"

జవాబు రాలేదు. ముందు తాతయ్య ఆలోచిస్తున్నాడనుకున్నాం. తర్వాత యాంటెన్నా దించేశారని అర్థమైంది. పిన్ని మైకు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయింది. గార్డు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. నా చేతిలోంచి గడ తీసుకుని తనే మడిచాడు.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు పిన్ని పొద్దున్నే రేడియో ముందు కూర్చుంది. "ఆయనకిప్పుడు ఇదంతా ఎందుకే, కూతురి దగ్గర హాయిగా ఉన్నాడు" అని బాబాయి మిషను తొక్కుతూ అనేవాడు. ఆ మిషను మోటారుకీ పిన్ని రేడియోకీ పుట్టు వైరం. అది తిరిగితే ఇది గరగరమంటుంది. అందుకే వాళ్ళింట్లో సగం గొడవలు.

ఒక ఆదివారం పెళ్ళివారి జాకెట్లు తరుముతున్నాయి. బాబాయి మోటారు ఆపకుండా తొక్కుతున్నాడు. ఉన్నట్టుండి పిన్ని చెయ్యి పైకెత్తింది. బాబాయి ఆవిడ ముఖం చూశాడు, మిషను ఆపేశాడు. లేచి వెళ్ళి ఫ్యాను ఆపాడు, లైటు ఆపాడు. నేను ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను. కుట్టించుకోవడానికొచ్చిన ఆవిడ ఎందుకో తెలియకపోయినా గాజులు పట్టుకుని కూర్చుంది.

దూరంగా బాతుల అరుపు. దాని వెనక దగ్గు. దాని వెనక, కొత్తగా మైకు పట్టుకున్నవాడిలా తడబడుతూ ఒక ముసలి గొంతు. "ఎవరైనా... ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ పలకలేదు. పిన్ని మైకు అందుకుంది. పిన్ని గొంతు వణకడం నేను మొదటిసారి విన్నాను.

"గొంతు బాగుంది తాతయ్యా" అంది. "మళ్ళీ చెప్పండి."