సార్ వినని పేరు

మా కంప్యూటర్ సార్ పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. కవిటిలో, ఇంట్లోనే. కిడ్నీల జబ్బు. ఇంటికొకరు ఆ జబ్బుతో ఉండే మా ఉద్దానంలో ఆ మాట చెప్పాక ఎవరూ ఇంకేమీ అడగరు. నేనూ అడగలేదు.

టెక్కలిలో ఒక మేడ మీద గదిలో ఆయన క్లాసులు చెప్పేవారు. డాక్టర్లు నీళ్లు తగ్గించమన్నాక, సీసా మూతలో పోసుకుని తాగేవారు. మేం అటే చూస్తుంటే, "పాఠం నా మీద నేదు, బోర్డు మీదుంది" అనేవారు.

చదువయ్యాక పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. సరుకు వివరాలుండే ఎక్స్ఎమ్ఎల్ ఫైలును, పప్పు కొనేవాళ్లు కోరిన తీరుకి మార్చి పంపాలి. అందులో ప్రతి రకం తన పేరున్న ట్యాగులో, చీటీ అంటించిన డబ్బాలో ఉన్నట్టు, ఉండాలి. ఆ మార్పు చేసే స్టైల్‌షీట్ నేనే రాశాను. గుండు రకానికో ట్యాగు, బద్ద రకానికో ట్యాగు, ముక్క రకానికో ట్యాగు. నేను రాయని రకం వచ్చిందంటే ఫైల్లో దాని ఊసే ఉండేది కాదు. ఫైలుకీ సరుకుకీ పొంతన లేక లారీ గేటు దగ్గర ఆగిపోయేది. చీవాట్లు నాకు.

సార్‌ని రమ్మన్నాను. ముందురోజే విశాఖలో డయాలసిస్ చేయించుకున్నారు, చేతికి ఇంకా దూది అంటించి ఉంది. నేను రాసింది చూసి నవ్వారు.

"ఏటమ్మా ఇది, బిడ్డ పుట్టకముందే పేరెట్టీసినావు? సరుకొచ్చినాక దాని పేరు దానికెట్టించు."

నా ట్యాగులన్నీ కొట్టేసి, ఏ రకం వస్తే ఆ పేరుతోనే ట్యాగు తయారయ్యేలా ఒక్క లైను రాశారు. ప్రతి పేరుకీ ముందు ఇంగ్లీషు ‘జి’ అక్షరం చేర్చారు. ట్యాగు పేరు అంకెతో మొదలైతే చెల్లదు, అందుకట.

"మన రకాల్లో అంకెతో మొదలయ్యేదే లేదు కదా సార్?"

"ఇయ్యాల నేదు. రేపేటొత్తాదో మనకేటెరుక? అప్పుడికి నానుంతానేటి?"

మామూలుగానే అన్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది.

ఆ మంగళవారం ఫోన్ వచ్చాక కవిటి వెళ్లి ఆయన్ని చివరిసారి చూసి వచ్చిన వారంలోనే ఒక కొత్త రకం దిగింది. దాని పేరు అంకెతోనే మొదలు. లారీ లోడయి ఉంది. ఓనరు గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"సారు నేరు గదమ్మా. ఇప్పుడిదెవులు సేత్తారు?"

సార్ రాసినదాన్ని ఏమీ మార్చకుండానే నడిపించాను. సార్ ఎన్నడూ వినని ఆ పేరు తన ట్యాగులో తాను వచ్చి కూర్చుంది. ఓనరు గారు బయల్దేరమని లారీకి చెయ్యి ఊపారు. సార్ లేరన్న సంగతి నాకు అప్పుడు తగిలింది. తెర మీద ఆ పేరుకి ముందు, ఆయన పెట్టిన ‘జి’ ఉంది.