ఎదుటివాడి చేను

మొన్న మా ఆఫీసులో మనశ్శాంతి మీద ఒక ఆన్‌లైన్ క్లాసు పెట్టారు. కష్టం వచ్చినప్పుడు అది మనకు కాదు, ఇంకెవరికో వచ్చిందనుకుని దూరం నుంచి చూడమని క్లాసు తీసుకునే ఆవిడ చెబుతుంటే అందరూ తలలూపారు. నాకు మా నాన్న, బాబాయి గుర్తొచ్చారు. జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదు గానీ, మిరపతోట ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ముసలితనం కాస్త ముందే వస్తుంది.

మా గుంటూరు పల్లెల్లో తెగులు పట్టిన తోటను ఉంచాలా, పీకాలా అన్నది ఇంటిల్లిపాదినీ తినేసే ప్రశ్న. సొంత తోటైతే, రేపు తేరుకుంటుందని రైతు మందు మీద మందు కొడుతూనే ఉంటాడు. అందుకని మా ఇంట్లో నాన్న తోటను బాబాయి, బాబాయి తోటను నాన్న చూసి చెప్పే పద్ధతి ఉండేది. చెప్పాక ఎదురు మాట్లాడకూడదు. పూత మాడ్చే పురుగు ఊరంతా పడిన ఏడు, బాబాయి మా తోటంతా తిరిగొచ్చి, గట్టు మీద చెప్పులు దులుపుకుంటూ, "పీకించెయ్ అన్నయ్యా. దీనికింక మందు కొట్టడం కాదు, పెద్దకర్మ చెయ్యాలి" అన్నాడు. నాన్న ఆ పూట అన్నం తినలేదు గానీ, మర్నాడే పీకించి జొన్న వేశాడు. ఆ విద్య నాకూ అబ్బింది. ఇంట్లో ఎవరు ఏడ్చినా, పక్కింటి గొడవ చూస్తున్నట్టు ఒక జోకు వేసి అవతలికి పోయేవాణ్ణి.

తర్వాత బాబాయికి లివరు చెడింది. గుంటూరు ఆసుపత్రి వరండాలో, ఇంకో ఆపరేషన్ చేద్దామా, ఇంటికి తీసుకెళ్తారా అని అడిగి డాక్టరు లోపలికెళ్లాడు. పిన్ని నాన్న వైపు చూసింది. నాన్న నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, "ఒరేయ్, నీకు దేనికీ చలనం ఉండదు కదా. వాడు నీ బాబాయి కాదనుకుని చెప్పరా" అన్నాడు.

ప్రయత్నించాను. లోపల మంచం మీదున్నది నల్లపాడు స్టేషన్లో రైలు దిగిన ఎవరో పెద్దమనిషి అనుకున్నాను. ఆ పెద్దమనిషి మడమలకు మా బాబాయి పగుళ్లే ఉన్నాయి.

"తెలీదు నాన్నా" అన్నాను.

నాన్న ఆపరేషనే చేయించమన్నాడు. బాబాయి లేవలేదు. ఇంటికి తెచ్చుంటే నాలుగు రోజులు తన మంచం మీద ఉండేవాడేమో. ఆ మాట మాలో ఎవరం ఎత్తం.

ఇప్పుడు మందు కొట్టడానికి డ్రోన్లొచ్చాయి. ఆ కుర్రాళ్లు తోటను పైనుంచి ఫొటో తీసి ఫోనులో చూపిస్తారు. అంత ఎత్తు నుంచి ఎవరి తోటైనా పచ్చగానే ఉంటుంది. పోయినేడు మా తోట బస్సులో పోయేవాళ్లకు కూడా తెలిసేంతగా ముడుచుకుపోయింది. నాన్న మాత్రం గట్టు మీద కూర్చుని మందు కలుపుతున్నాడు. సెలవు పెట్టి వెళ్లినవాణ్ణి, నేనూ డ్రమ్ములో నీళ్లు పోశాను.